సైనికుల కాగితాల్లో తెలుగు పేరు: ఫోరస్ రోడ్ నుంచి కొన్ని గమనికలు

పదేళ్ళు దాటిన సంగతి. ముంబయిలో ఫోరస్ రోడ్డుకు ఆనుకొని ఉన్న ఒక చాలులో, రెండో అంతస్తు గదిలో, ఒక ముసలావిడ రేకుపెట్టె తెరిచి రెండు కాగితాలు నా ముందు పెట్టింది. ఒకటి ఆమె భర్త సైన్యం నుంచి తెచ్చుకున్న డిశ్చార్జి పుస్తకం. రెండోది ఆయన చనిపోయిన తరువాత ఆమె పేర వచ్చిన కుటుంబ పెన్షన్ ఉత్తర్వు. "సారూ, గీ రెండు కాయితాలు సదువుండ్రి. గిండ్ల మా ఆయన ఎవరు, పరాయోడు ఎవరు?" అని అడిగింది. రెండింటిలోనూ పేరు ఇంగ్లీషులోనే ఉంది. రెండు పేర్లూ వేరు. భార్య పేరు కూడా ఒకదానిలో ఒకలాగా, మరొకదానిలో ఇంకొకలాగా ఉంది. రేషన్ కార్డు తీసి చూస్తే అందులో మూడో పేరు. ఆమె వయసు పెన్షన్ ఉత్తర్వులో పదేళ్ళు తక్కువ పడింది.

"ఇద్దరూ మీ ఆయనే అవ్వా" అన్నాను గాని, ఆ మాట ఒక దఫ్తరుకు నచ్చచెప్పటానికి మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళలో నేను నేర్చుకున్నదాన్ని మన విద్యార్థుల కోసం రాస్తున్నాను. భాషాశాస్త్రం చదువుకున్నవాడిని కనుక నా చూపు మొదట పేర్ల మీద పడింది. సైనికుడి రికార్డులో తప్పు అనగానే గుమాస్తా అశ్రద్ధ అనుకుంటాం. అశ్రద్ధ ఉంటుంది, కాదనను. కాని తెలుగువాళ్ళ విషయంలో, ముఖ్యంగా తెలుగునేల బయట బతికే తెలుగువాళ్ళ విషయంలో, ఆ తప్పుల్లో చాలా భాగం అనువాదదోషాలు. ఒక పేరు నాలుగు లిపులు దాటి వచ్చేసరికి ఏమవుతుందో ఆ కాగితాలే సాక్ష్యం.

ముందు స్థలం గురించి నాలుగు మాటలు. ఫోరస్ అన్నది ఎవరి పేరూ కాదు. పోర్చుగీసు భాషలో 'ఫోరో' అంటే భూమికి కట్టే కౌలు, శిస్తు. సముద్రపు పాటు నీళ్ళు వచ్చి నిలిచే పల్లపు నేలలను చక్కచేసుకొని అనుభవించేవాళ్ళు కట్టిన శిస్తు అది. ఆ నేలలే ఫోరస్ భూములు. వాటి హక్కులు తేల్చటానికి 1851లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు. పద్దెనిమిదో శతాబ్ది చివర, వర్లీ వైపు సముద్రపు గండిని పూడ్చిన తరువాత ఈ పల్లం ఆరింది, 1793లో బెలాసిస్ రోడ్డు పడింది. ఇళ్ళు కట్టటానికి, రోడ్లు వేయటానికి, మట్టి మోయటానికి నిజాం రాజ్యం నుంచి తెలుగు కూలీలు వచ్చారు. వాళ్ళను ఇక్కడివాళ్ళు కామాఠీలు అన్నారు. 1909లో వెలువడిన బొంబాయి నగర గెజెటీరు కామాఠీపురానికి పేరు వాళ్ళ వల్లనే వచ్చిందని చెబుతుంది. ఇవాళ ఫోరస్ రోడ్డుకు మునిసిపాలిటీ పెట్టిన పేరు ఆర్. ఎస్. నిమ్కర్ మార్గ్. బెలాసిస్ రోడ్డు జహంగీర్ బొమన్ బెహ్రామ్ మార్గ్ అయింది, ఫాక్‌లండ్ రోడ్డు పఠ్ఠే బాపూరావు మార్గ్ అయింది. టాక్సీవాళ్ళకు పాత పేర్లే తెలుసు. కామాఠీపురా అనగానే బయటివాళ్ళకు గుర్తొచ్చేది ఒకే ఒక వ్యాపారం. ఆ గల్లీల్లో తాపీపనివాళ్ళు, మిల్లు కార్మికులు, బీడీలు చుట్టేవాళ్ళు, వాళ్ళ పిల్లలు తరతరాలుగా కాపురాలు చేశారన్న సంగతి చెబితే తప్ప తెలియదు.

కామాఠీ అన్నది కులం పేరు కాదు. తెలుగు నిఘంటువుల్లో కామాటి అంటే కూలిపని చేసేవాడు. బొంబాయిలో అది తెలుగువాడికే పర్యాయపదమైంది. పద్మశాలి అయినా, మున్నూరుకాపు అయినా, మాల మాదిగలైనా ఇక్కడి లెక్కలో కామాఠీలే. సైన్యంలో చేరేటప్పుడు నింపే ఫారంలో 'క్లాసు' అని ఒక గడి ఉండేది. మతం, కులం, ప్రాంతం అన్నీ కలిపి ఒక్క మాటలో చెప్పమనే గడి అది. బొంబాయిలో చేరిన తెలుగువాడు ఆ గడిలో ఏమని చెప్పాలి? కామాఠీ అంటే వృత్తి, తెలంగా అంటే దేశం, మద్రాసీ అంటే ఆయన ఎన్నడూ చూడని ఊరు. ఏది రాసినా అబద్ధం కాదు, ఏది రాసినా నిజమూ కాదు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి పట్టక తప్పదు. సైనికుల లెక్కల్లో తెలుగువాడి పేరు చెడటం కొత్త కాదు, జాతి మొత్తం పేరే ఒకప్పుడు అలా చెడింది. 1757 ప్రాంతంలో క్లైవు బెంగాలుకు వెళ్ళినప్పుడు వెంట తీసుకుపోయిన సిపాయిలు మద్రాసు వైపు నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళలో తెలుగువాళ్ళు ఉన్నారు. దాంతో ఉత్తరాదిలో దొరల పద్ధతిలో దుస్తులు వేసుకొని కవాతు చేసే సిపాయి ఎవరైనా 'తిలంగా' అయిపోయాడు. యూల్, బర్నెల్‌లు కూర్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు 1886లో ఈ మాటకు ప్రత్యేకంగా చోటిచ్చింది. 1857 నాటి ఢిల్లీ ఉర్దూ రాతల్లో తిలంగే అంటే అవధ్, బిహార్ వైపు పురబియా సిపాయిలు. తెలుగు ముక్క రానివాళ్ళు తిలంగాలు అవుతుండగా, ఇటు మద్రాసు సైన్యం కాగితాల్లో అసలు తెలుగువాడు 'జెంటూ' అనిపించుకున్నాడు. అది కూడా పోర్చుగీసు మాట నుంచి వచ్చిందే. ఆ తరువాత 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యాధిపతిగా ఉన్న రాబర్ట్స్ దొర దక్షిణాదివాళ్ళలో పోరుతనం చచ్చిపోయిందని తీర్పు చెప్పాడు. యుద్ధజాతుల సిద్ధాంతం బలపడి తెలుగువాళ్ళ చేరిక సన్నగిల్లింది. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం వంటి ఊళ్ళు మాత్రం మిలిటరీ మాధవరం అనిపించుకునేటంతగా ఆ దారి వదలలేదు. రెండవ ప్రపంచయుద్ధం వచ్చి ఇరవై అయిదు లక్షల మంది అవసరమయ్యేసరికి సిద్ధాంతాలు అటక ఎక్కాయి. బొంబాయిలో పనిలేని మిల్లు కార్మికుడి కొడుకు కూడా సిపాయి కాగలిగాడు. మన అవ్వ భర్త చేరింది 1943లో, ఈ నగరంలోనే.

ఇక పేరు. ఉదాహరణకు ఒక పేరు ఊహించుకుందాం. ఆడెపు ఎల్లయ్య అనుకుందాం. ఆడెపు ఇంటిపేరు, ఎల్లయ్య మనిషి పేరు. కరీంనగర్ జిల్లాలో పుట్టాడు. 1880ల నుంచి నిజాం రాజ్యంలో పరిపాలన భాష ఉర్దూ. పట్వారీ గాని, మదర్సా పంతులు గాని ఆ పేరును ఉర్దూలో రాస్తాడు. ఉర్దూ రాతలో హ్రస్వాచ్చులకు గుర్తులు సాధారణంగా పెట్టరు, ద్విత్వానికి గుర్తు ఉన్నా తొందరలో పెట్టరు. ఎకారానికీ ఏకారానికీ ఐకారానికీ రాతలో తేడా కనబడదు. ఎల్లయ్య అని రాసినదాన్ని ఐలయ్య అని చదవవచ్చు, ఏలయ్య అని చదవవచ్చు, ఇలయా అని కూడా చదవవచ్చు. తెలంగాణలో ఎల్లయ్య వేరు, ఐలయ్య వేరు, ఇద్దరూ ఒకే వాడకట్టులో ఉంటారు. మన లిపి తెలియని ఉత్తరాది మున్షీ అదే అక్షరాలను ఏలియా అని చదివినా తప్పు పట్టలేం. అది బైబిల్లోనూ ఖురానులోనూ ఉన్న ప్రవక్త పేరు. అప్పుడు మతం గడి కూడా అనుమానంలో పడుతుంది.

ఆ కుర్రవాడు బొంబాయి వచ్చాడు. ఇక్కడ మరాఠీ. మరాఠీ పద్ధతిలో ముందు తన పేరు, తరువాత తండ్రి పేరు, చివర ఆడనావ్, అంటే ఇంటిపేరు. మన ఇంటిపేరు ముందుంటుందన్న సంగతి చాలు యజమానికి గాని, మునిసిపల్ స్కూలు మాస్తరుకు గాని తెలియదు. తెలిసినవాళ్ళు తిరగేసి ఎల్లయ్య ఆడెపు అంటారు. మరాఠీలో చివరి ఉకారం నిలవక ఆడెప్ అవుతుంది. సోలాపూర్ మీదుగా వచ్చిన కన్నడ అలవాటుతో అయ్య కాస్తా అప్ప అవుతుంది. యల్లప్పా ఆడెప్. మొదటి యకారం తప్పు కాదని నా మనవి. తెలుగులో పదం మొదటి ఎకారానికి యకారపు స్పర్శ సహజంగానే ఉంటుంది. మనం ఎల్లయ్య అని రాసి యెల్లయ్య అని పలుకుతాం. మరాఠీ మాస్తరు విన్నది విన్నట్టు రాశాడు.

నాలుగో లిపి ఇంగ్లీషు. రిక్రూటింగు దఫ్తరులో గుమాస్తా పేరు అడిగాడు, కుర్రవాడు మనవాళ్ళ అలవాటు ప్రకారం ఇంటిపేరుతో మొదలుపెట్టి "ఆడెపు ఎల్లయ్య" అన్నాడు. ఫారంలో గడులు రెండే: పేరు, తండ్రి పేరు. గుమాస్తా మొదటి గడిలో ఆడెపు అని, రెండో గడిలో ఎల్లయ్య అని రాశాడు. అంటే సైన్యం లెక్కలో కొడుకే తనకు తండ్రి అయ్యాడు! ఇది హాస్యానికి చెప్పిన మాట కాదు. పాత కాగితాల్లో తండ్రి పేరు గడిలో మనిషి పేరు ఉండటం నేను ఒకటికి రెండుసార్లు చూశాను. మరి ముప్ఫై ఏళ్ళ తరువాత కొడుకు తన స్కూలు సర్టిఫికెట్టు తీసుకొని వెళ్ళి, మా నాన్న పేరు యల్లప్పా అంటే, రికార్డుల దఫ్తరువాళ్ళు మా దగ్గర ఆ పేరున్న సిపాయి లేడంటారు. వాళ్ళ మాట వాళ్ళ కాగితం ప్రకారం సత్యమే.

ఆడవాళ్ళ పేర్ల కథ ఇంకా కష్టం. ఊళ్ళో లచ్చవ్వ. బొంబాయి రేషన్ కార్డులో లక్ష్మీబాయి, మధ్యలో భర్త పేరు, చివర ఇంటిపేరు. భర్త సైన్యంలో కుటుంబ వివరాలు ఇచ్చినప్పుడు లచ్మి అని చెప్పాడు, ఎందుకంటే ఆయన ఆమెను పిలిచేది అలాగే. తద్భవం, తత్సమం, ముద్దుపేరు ఈ మూడూ ఒకే మనిషివని మనకు పుట్టుకతో తెలుసు. పెన్షన్ ఇచ్చే బాంకులో కుర్రవాడికి వాటిలో ఏ రెండూ సరిపోలవు.

పేరు తరువాత వయసు. పుట్టిన తేదీ రాసి పెట్టుకునే అలవాటు మన పల్లెల్లో లేదు. చదువు లేని కుర్రవాళ్ళకు సైనిక వైద్యుడే చూసి వయసు అంచనా వేసేవాడు, ఆ అంచనాయే తరువాత జన్మతేదీ అయి కూర్చునేది. చదువుకున్నవాళ్ళకు ఇంకో చిక్కు. హైదరాబాదు రాజ్యంలో సర్కారీ లెక్క ఫస్లీ సంవత్సరం. దక్కను ఫస్లీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. కాని ఉత్తర హిందూస్థానంలో వాడుకలో ఉన్న ఫస్లీ వేరు. అది అక్బరు కాలంలో మొదలైంది, దానికి 592 గాని 593 గాని కలపాలి. దక్కను ఫస్లీ షాజహాన్ కాలంలో, 1636 ప్రాంతంలో వచ్చింది. స్కూలు కాగితంలో ఫస్లీ 1333 అని ఉంటే అది 1923 అక్టోబరు మొదలు 1924 అక్టోబరు దాకా నడిచిన ఏడాది. ఉత్తరాది లెక్క మాత్రమే తెలిసిన గుమాస్తా దాన్ని 1926గా మార్చి రాస్తే కుర్రవాడికి రెండు మూడేళ్ళు తగ్గుతాయి. నౌకరిలో ఉన్నంతకాలం అది లాభంగానే కనబడుతుంది. మిగతా కాగితాలతో పోల్చిన రోజున నేరంగా కనబడుతుంది.

జాతకం ఉన్న ఇళ్ళవాళ్ళు కూడా మురిసిపోనక్కరలేదు. రుధిరోద్గారి సంవత్సరం అని రాసి ఉంటే 1923 అని వెంటనే వేసుకుంటాం. పుట్టింది మాఘమాసమైతే అప్పటికి ఇంగ్లీషు లెక్కలో 1924 వచ్చేసింది. అరవై ఏళ్ళకు అదే పేరు మళ్ళీ 1983లో వచ్చింది కనుక, తాతదో మనవడిదో కూడా చూసుకోవాలి.

దిద్దుబాటు ఎలా జరుగుతుందో ఇప్పుడు చెప్పాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఢిల్లీకి అర్జీలు పెట్టడం. సిపాయి కాగితాలు ఉండేది ఆయన పనిచేసిన రెజిమెంటు లేదా కోరుకు చెందిన రికార్డుల దఫ్తరులో. మద్రాసు రెజిమెంటుదైతే వెల్లింగ్టన్, మద్రాసు ఇంజనీర్లదైతే బెంగుళూరు, బొంబాయి శాపర్లదైతే పుణె పక్కన ఖడ్కీ, మరాఠా రెజిమెంటుదైతే బెల్గాం. పెన్షన్ ఉత్తర్వు ఇచ్చేది మాత్రం అలహాబాదులోని రక్షణశాఖ పెన్షన్ లెక్కల దఫ్తరు. ఆ ఊరి పేరు 2018లో ప్రయాగరాజ్ అయింది. మొదట రికార్డుల దఫ్తరు తన పుస్తకంలో దిద్దాలి. దిద్దినట్టు పార్ట్ టూ ఆర్డరు అనే ప్రకటన వెలువడాలి. ఆ తరువాతే పెన్షన్ దఫ్తరు సవరణ ఉత్తర్వు ఇస్తుంది. ఈ వరుస తప్పితే అర్జీ ఒక దఫ్తరు నుంచి ఇంకో దఫ్తరుకు బంతిలాగా తిరుగుతుంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే కొంత మేలు. రెండు పేర్లూ ఒకే వ్యక్తివని ప్రమాణపత్రం, అవసరమైతే పత్రికలో ప్రకటన, నకళ్ళు అన్నీ జతచేయాలి. 2021 నుంచి పెన్షన్లను స్పర్శ్ అనే కంప్యూటర్ పద్ధతిలోకి మార్చారు. పాత కాగితాల్లో ఒకదానితో ఒకటి పొసగని పేర్లన్నీ ఆ మార్పుతో ఒక్కసారిగా పైకి తేలాయి. మనిషి చూసి సర్దుకుపోయిన తేడాలను యంత్రం సర్దుకోదు కదా.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆర్మీ నంబరు. పేరు ఎన్ని వేషాలు వేసినా నంబరు మారదు. చివర ఉండే ఇంగ్లీషు అక్షరం అలంకారం కాదు, అంకెల్లో పొరపాటు దొర్లితే పట్టిచ్చే అక్షరం. ఎత్తి రాసేటప్పుడు దాన్ని వదిలేసి తరువాత అవస్థ పడినవాళ్ళు ఉన్నారు. ఇంకో మాట. పెన్షన్ రాకుండా బయటికి వచ్చిన సిపాయిల కాగితాలను పాతికేళ్ళ తరువాత నాశనం చేయవచ్చునని సైన్యం నిబంధన. లాంగ్ రోల్ అనే పెద్ద చిట్టా మాత్రం శాశ్వతంగా ఉంచుతారు. మా దగ్గర ఏమీ లేదని జవాబు వస్తే, లాంగ్ రోల్‌లో చూడమని మళ్ళీ రాయాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఇందుకు బాగా పనికివస్తుంది. సిపాయికి పెన్షన్ రావటానికి సాధారణంగా పదిహేనేళ్ళ సర్వీసు కావాలి కనుక, యుద్ధం అయిపోగానే ఇళ్ళకు పంపినవాళ్ళలో ఎక్కువమంది ఈ పాతికేళ్ళ నిబంధన కిందికే వస్తారు.

పుట్టిన తేదీ సంగతి వేరు. పేరు దిద్దటానికి దఫ్తరు ఒప్పుకున్నంత సులువుగా తేదీ దిద్దటానికి ఒప్పుకోదు. చేరిన కొద్దికాలంలోనే అడగాలి, నౌకరి చివర అడిగితే కోర్టులు కూడా వినవు. ఇది సిపాయిలకే పరిమితమైన బాధ కాదు. సైన్యాధిపతి జనరల్ వి. కె. సింగ్‌కే ఈ గతి పట్టింది. ఆయన మెట్రిక్ సర్టిఫికెట్టులో 1951 మే 10, 1965లో ఆయన నింపిన దరఖాస్తులో 1950 మే 10. సైన్యంలోనే ఒక శాఖ పుస్తకంలో ఒక ఏడు, మరో శాఖ పుస్తకంలో మరో ఏడు నలభై ఏళ్ళకు పైగా నిలిచి ఉన్నాయి. ఆయన సుప్రీం కోర్టుకు వెళ్ళి, 2012 ఫిబ్రవరి 10న అర్జీని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆయన నిజంగా ఏ రోజు పుట్టాడన్నది అక్కడ తేలవలసిన ప్రశ్న కాలేదు. ప్రభుత్వం ఇన్నాళ్ళూ ఏ తేదీని అంగీకరించిందన్నదే ప్రశ్న అయింది. అమెరికాలో సైనికుల రికార్డులు దిద్దటానికే ప్రత్యేకంగా బోర్డులు ఉన్నాయి, 1946 నాటి చట్టం నుంచి వచ్చిన ఏర్పాటు అది. మన దేశంలో అటువంటి బోర్డు లేదు. రికార్డుల దఫ్తరు కాదంటే సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్ళాలి. 2007 నాటి చట్టంతో ఏర్పడి 2009 నుంచి పనిచేస్తున్న ఈ ట్రిబ్యునల్‌కు ముంబయిలో పీఠం ఉంది. తుది జవాబు వచ్చిన ఆరు నెలల్లో వెళ్ళాలన్నది నియమం.

చనిపోయినవాళ్ళ పేర్లు కూడా దిద్దవచ్చునని చాలామందికి తెలియదు. కామన్‌వెల్తు యుద్ధసమాధుల సంస్థ 2021 ఏప్రిల్‌లో ఒక నివేదిక వెలువరించింది. మొదటి ప్రపంచయుద్ధంలో మరణించిన భారతీయులు, ఆఫ్రికావాళ్ళు, ఈజిప్టువాళ్ళలో 45,000 నుంచి 54,000 మందికి సమానమైన స్మారకం దక్కలేదని, మరో 1,16,000 మంది, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో గాని అసలే గాని గుర్తింపు పొందలేదని అందులో ఒప్పుకుంది. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద అధికారుల పేర్లు చెక్కి, మామూలు భారతీయ సిపాయిలను ఇంతమంది అని అంకెల్లో పేర్కొన్నారు. మద్రాసు శాపర్లు పోరాడిన రంగం అది. ఆ సంస్థ చిట్టాల్లో మనవాళ్ళ పేర్లు వెతికేటప్పుడు పేరుతో మొదలుపెడితే దొరకవు. చాలాచోట్ల తండ్రి పేరు, ఊరు, తాలూకా రాసి ఉంటాయి. ఊరి పేరుతో వెతికి, పేరులోని అక్షరదోషాలను వెనక్కి విప్పుకుంటూ పోవాలి. సాక్ష్యం చూపితే వాళ్ళు దిద్దుతారు. ధ్వనిశాస్త్రం చదివిన విద్యార్థికి ఇంతకన్నా మంచి అభ్యాసం నేను చూపలేను.

మళ్ళీ ఫోరస్ రోడ్డు చాలుకు వద్దాం. అవ్వకు వయసు ఎందుకు ముఖ్యమంటే, 2006 జనవరి నుంచి అమలైన ఆరవ వేతన సంఘం ఉత్తర్వుల ప్రకారం ఎనభై ఏళ్ళు నిండిన పెన్షనర్లకు, కుటుంబ పెన్షనర్లకు కూడా, మూల పెన్షన్ మీద 20 శాతం అదనంగా ఇస్తారు. ఎనభై అయిదుకు 30, తొంభైకి 40, తొంభై అయిదుకు 50, నూరేళ్ళకు రెట్టింపు. పెన్షన్ ఉత్తర్వులో ఆమె 1938లో పుట్టినట్టు ఉంది. ఆ లెక్కన ఆ డబ్బు 2018 దాకా రాదు. "రజాకార్ల గడబిడ నాటికి నాకు ఇద్దరు పిల్లలు సారూ, పెద్దోడు ఉరుకుతుండె, చిన్నోడు చంకల ఉండె" అన్నది ఆమె. రజాకార్ల గడబిడ అంటే 1948. ఇది నోటిమాట, దఫ్తరుకు పనికిరాదు.

మేము రాసిన మొదటి అర్జీకి పేరు సరిపోలలేదని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. రెండోసారి నేను పద్ధతి మార్చాను. నోటిమాట వదిలేసి వాళ్ళ పుస్తకాన్నే వాళ్ళకు చదివి వినిపించాను. పాఠపరిష్కరణలో మనం చేసే పనే ఇది. ప్రతిలో దోషం ఉందని చూపటానికి బయటి సాక్ష్యం దొరకనప్పుడు ఆ ప్రతిలోనే ఒకదానికొకటి పొసగని చోట్లు వెతుకుతాం. డిశ్చార్జి పుస్తకంలో కుటుంబ వివరాల కింద పెద్దకొడుకు పుట్టిన సంవత్సరం 1947 అని ఉంది. అదే దఫ్తరు ఇచ్చిన పెన్షన్ ఉత్తర్వు ప్రకారం ఆ పిల్లవాడి తల్లి పుట్టింది 1938లో. తొమ్మిదేళ్ళ పిల్లకు కొడుకు పుట్టాడని రెండు కాగితాలూ కలిసి చెబుతున్నాయి. ఈ రెండింటిలో ఏదో ఒకటి తప్పు, ఏది తప్పో తేల్చవలసిందని మాత్రమే రాశాం. నంబరు, చివరి అక్షరంతో సహా, అర్జీ నెత్తిన పెట్టాం. లచ్చవ్వ, లచ్మి, లక్ష్మీబాయి ఒకే మనిషి అని ప్రమాణపత్రం జతచేశాం. అందులో ఈ మూడు రూపాల మధ్య ఉన్న సంబంధాన్ని వివరిస్తూ ఒక పేరా నేను రాశాను. నోటరీ దాన్ని చదివి, ఇది అవసరమా అన్నట్టు చూసి ముద్ర వేశాడు.

వయసుకు సాక్ష్యంగా ఆమె వోటరు కార్డు పనికివచ్చింది. ఆ కాలపు వోటరు కార్డుల మీద పుట్టిన తేదీ ఉండేది కాదు, 1995 జనవరి 1 నాటికి వయసు ఎంత అని ఉండేది. ఆమె కార్డు మీద 67 అని ఉంది. పిల్లల లెక్కతో అది సరిగ్గా పొసిగింది. కార్డు ఇచ్చేటప్పుడు వయసు అడిగినవాడికి ఆమె ఏమి చెప్పిందో, అతడు ఎలా లెక్క వేశాడో మనకు తెలియదు. అయినా ఒక అంకె దొరికింది.

సవరణ ఉత్తర్వు వచ్చిన రోజు నేను చదివి వినిపించాను. ఆమె పేరు లచ్చవ్వ అని, మారుపేరు లక్ష్మీబాయి అని రాశారు. భర్త పేరులో ఈసారి ఒక 'హెచ్' అక్షరం ఎక్కువ పడింది. అది మళ్ళీ దిద్దించాలా అని నేను, చాలు సారూ అని ఆమె. ఎనభై ఏళ్ళు నిండిన నాటి నుంచి బకాయిలు లెక్కకట్టి బాంకులో వేశారు. పుట్టినతేదీ గడిలో 1928 జనవరి 1 అని ఉంది, వోటరు కార్డులోని తేదీనే వెనక్కి జరిపి వేసిన తేదీ అది. "జనవరిల ఎట్ల పుడతనే? మా అమ్మ నాట్లేసుకుంట నొప్పులొచ్చి ఇంటికొచ్చిందట, ఆనల దినాలు" అని ఆమె కోడలితో అంటూనే ఉంది.